పియర్సన్ 0.86, మాండర్స్ 0.98 వస్తున్నాయి, కంటికి మాత్రం అంత కనిపించడం లేదు. కోలోకలైజేషన్ ఎలా కొలవాలి?

కణగీత | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను, ఆటోఫేజీ మీద పని, అంటే కణం తన పాత భాగాల్ని తానే అరిగించుకోవడం. హీలా కణాల్ని రెండు గంటలు పోషకాలు లేని ద్రావణంలో ఉంచి, ఆ తర్వాత ఎల్‌సీ3ని (ఆటోఫాగోజోముల మీద ఉండే ప్రొటీన్) అలెక్సా 488 అనే ఆకుపచ్చ రంగుతో, లాంప్1ని (లైసోజోముల ప్రొటీన్) అలెక్సా 568 అనే ఎరుపు రంగుతో స్టెయిన్ చేసి కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో ఇమేజ్‌లు తీశాను. ఆకలితో ఉన్న కణంలో ఆటోఫాగోజోములు (అరిగించాల్సినవాటిని మోసే సంచులు) వెళ్లి లైసోజోముల్లో (అరిగించే సంచుల్లో) కలుస్తున్నాయా అన్నది నా ప్రశ్న.

పేపర్ పంపితే ఒక రివ్యూయర్ ఇలా రాశారు: పసుపు చుక్కలకు బాణం గుర్తులు పెడితే చాలదు, ఎంత కలుస్తోందో లెక్క కట్టి చూపండి. సరే అని ఫిజీ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌లో, కోలోకలైజేషన్ (రెండు రంగులు ఒకే చోట పడటం) కొలిచే కోలోక్ 2 నడిపాను. ఆకలి కణాల్లో పియర్సన్ (రెండు రంగులూ కలిసి పెరిగి తగ్గుతున్నాయా చెప్పేది, గరిష్ఠం 1) 0.86, మాండర్స్ కొలతలు ఎం1 0.98, ఎం2 0.99. సంబరపడేలోపే మామూలు ఆహారంలో ఉన్న కంట్రోల్ కణాలకూ చేశాను. అక్కడ పియర్సన్ 0.84, ఎం1 0.98! రెండింటికీ తేడానే లేదు. కంటితో చూస్తేనేమో కంట్రోల్‌లో ఎల్‌సీ3 చుక్కలు చాలా తక్కువ.

నెల రోజుల్లో జవాబు పంపాలి. చాలా టెన్షన్‌గా ఉంది. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

లెన్సుమూర్తి | సోమవారం, రాత్రి 11:15

కణగీత గారూ, కంగారు పడకండి. ఒక మైక్రోస్కోప్ ఫెసిలిటీలో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. నెలకొకరైనా ఇదే ప్రశ్నతో వస్తారు. సంఖ్య గురించి మాట్లాడే ముందు ఇమేజ్ ఎలా తీశారో చెప్పండి.

కోలోక్ 2కి మొత్తం ఫీల్డ్ ఇచ్చారా, ఒక్కో కణం చుట్టూ గీత గీసి ఇచ్చారా? ఒకే ఆప్టికల్ సెక్షనా, జెడ్ స్టాక్ (వేర్వేరు లోతుల్లో తీసిన సెక్షన్లు) మొత్తాన్ని మ్యాక్సిమమ్ ప్రొజెక్షన్‌గా ఒకే బొమ్మలో కలిపేశారా? రెండు లేజర్లూ ఒకేసారి వేశారా, ఒకదాని తర్వాత ఒకటా? పిక్సెల్ సైజు ఎంత? 8 బిట్‌లో తీశారా? శాచురేట్ అయిన, అంటే గరిష్ఠ విలువ తాకిన పిక్సెళ్లు ఉన్నాయా? ఒక్క రంగే స్టెయిన్ చేసిన స్లైడ్లు ఉన్నాయా?

కణగీత | సోమవారం, రాత్రి 11:48

మూర్తి గారూ, మొత్తం ఫీల్డే ఇచ్చాను. ఒక్కో ఫీల్డ్‌లో నాలుగైదు కణాలుంటాయి, మిగతాదంతా నలుపు. స్టాక్‌ని ప్రొజెక్షన్ చేశాను, ఎందుకంటే అందులో చుక్కలు బాగా కనిపిస్తాయి. టైమ్ తక్కువ ఉందని లేజర్లు రెండూ కలిపి స్కాన్ చేశాను. ఆబ్జెక్టివ్ 63ఎక్స్ ఆయిల్, ఎన్‌ఏ (లెన్సు కాంతిని సేకరించే శక్తి) 1.4. పిక్సెల్ 0.24 మైక్రాన్లు. 8 బిట్. కొన్ని చుక్కల మధ్యలో విలువ 255 ఉంది. ఒక్క రంగు స్లైడ్లు చేయలేదు. సెకండరీ (రంగు మోసే యాంటీబాడీ) మాత్రమే వేసిన స్లైడ్ ఉంది కానీ దాన్ని ఊరికే చూసి పక్కన పెట్టేశాను.

సిగ్నల్‌ప్రసాద్ | మంగళవారం, ఉదయం 7:05

నా పని ఇమేజ్ అనాలిసిస్, జీవశాస్త్రం కాదు. మొత్తం ఫీల్డ్ ఇవ్వడం వల్ల ఏం జరుగుతుందో కాగితం మీద చేసి చూపిస్తాను. మీరూ పెన్ను పట్టుకుని చేయండి, మూడు నిమిషాల పని.

కణం లోపల నాలుగు పిక్సెళ్లు అనుకోండి. ఆకుపచ్చ విలువలు 50, 60, 50, 60. అవే పిక్సెళ్లలో ఎరుపు విలువలు 60, 60, 50, 50. రెండింటి సగటూ 55. సగటు నుంచి తేడాలు చూస్తే ఆకుపచ్చకి -5, 5, -5, 5. ఎరుపుకి 5, 5, -5, -5. జతగా గుణిస్తే -25, 25, 25, -25. మొత్తం సున్నా. అంటే పియర్సన్ సున్నా, ఈ రెండు రంగులకీ ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు కణం బయట ఉన్న నల్లటి పిక్సెళ్లు నాలుగు కలపండి. రెండు రంగుల్లోనూ విలువ సున్నా. సగటు 27.5కి పడిపోతుంది. మళ్లీ అదే లెక్క చేస్తే పైన 6050, కింద 6150 వస్తాయి. పియర్సన్ 0.98!

కణం లోపల ఏమీ మారలేదు. బయటి చీకటిని కలిపినందుకే సున్నా కాస్తా 0.98 అయింది. ఆ 0.98 చెప్పేది ఒక్కటే: కణం ఉన్న చోట రెండు రంగులూ ఉన్నాయి, కణం లేని చోట రెండూ లేవు. అది మనకు ముందే తెలుసు. మీ 0.86, 0.84లలో ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది. ఒక్కో కణం చుట్టూ గీత గీసి, కోలోక్ 2లో ఆ ఆర్‌ఓఐని (గీత లోపలి ప్రాంతాన్ని) ఎంచుకుని మళ్లీ నడపండి.

వైజాగ్‌బయో | మంగళవారం, ఉదయం 9:30

ప్రసాద్ గారూ, ఎమ్మెస్సీ చదువుతున్నాను, చిన్న డౌటు. పియర్సన్ సంగతి అర్థమైంది. మరి మాండర్స్ కూడా 0.98 ఎందుకు వచ్చింది? అది పియర్సన్‌లా సగటు మీద ఆధారపడదు కదా?

సిగ్నల్‌ప్రసాద్ | మంగళవారం, ఉదయం 10:12

మంచి ప్రశ్న తమ్ముడూ. మాండర్స్, వెర్బీక్, ఆటెన్ 1993లో ఇచ్చిన ఈ కొలత అడిగేదే వేరు. ఆకుపచ్చ కాంతి మొత్తంలో ఎంత భాగం, ఎరుపు కూడా ఉన్న పిక్సెళ్లలో పడింది? అది ఎం1. దాన్ని తిరగేస్తే ఎం2. సున్నా నుంచి ఒకటి వరకు వస్తుంది.

చిక్కంతా "ఎరుపు ఉన్న పిక్సెల్" అనే మాటలో ఉంది. ఎంత ఉంటే ఉన్నట్టు? కోలోక్ 2 ఇచ్చే మామూలు ఎం1లో సున్నా కంటే ఎక్కువ ఉంటే చాలు, ఎరుపు ఉన్నట్టే. డిటెక్టర్ ఆఫ్‌సెట్, కణం సహజ వెలుగు, యాంటీబాడీ అటూ ఇటూ అంటుకోవడం వల్ల కణంలో నిజంగా సున్నా ఉన్న పిక్సెల్ దాదాపు ఉండదు. అందుకే ఏ కణానికి చేసినా 0.98 వస్తుంది. మీ ఫోన్‌తో తీసిన రెండు ఫోటోలు ఇచ్చినా అలాగే వస్తుంది.

అదే ఫలితాల పట్టికలో కింద టీఎం1, టీఎం2 అని ఉంటాయి. అవి థ్రెషోల్డ్, అంటే ఒక కనీస విలువ, దాటిన పిక్సెళ్లతో వేసినవి. చూడాల్సినవి అవి. ఎం1 రాసి టీఎం1 వదిలేసిన పేపర్లు నేను చాలా చూశాను. చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే అంత కష్టపడి చేసిన ప్రయోగం ఆ ఒక్క గడి దగ్గర వృథా అవుతుంది.

కణగీత | మంగళవారం, సాయంత్రం 6:20

మధ్యాహ్నమంతా కూర్చుని 30 కణాలకు గీతలు గీశాను. పియర్సన్ ఆకలి కణాల్లో 0.52, కంట్రోల్‌లో 0.49కి దిగింది. ప్రసాద్ గారు చెప్పింది కళ్లారా చూశాను.

కానీ ఇంకా తేడా లేదు. ఇంకో వింత కూడా ఉంది. కోలోక్ 2 ఇచ్చిన స్కాటర్ ప్లాట్‌లో ఆకుపచ్చ విలువ అడ్డంగా, ఎరుపు నిలువుగా ఉంది. చుక్కల గుంపుకి కింది అంచు గీత గీసినట్టు తిన్నగా, వాలుగా పైకి పోతోంది. ఆ గీత కింద ఒక్క చుక్క కూడా లేదు. ఇది మామూలేనా?

లెన్సుమూర్తి | మంగళవారం, రాత్రి 8:02

మామూలు కాదమ్మా. అసలు విషయం అక్కడే ఉంది.

ఆ ప్లాట్ ఏమంటోందో చూడండి. మీ ఇమేజ్‌లో ఆకుపచ్చ బాగా వెలుగుతూ ఎరుపు అసలు లేని పిక్సెల్ ఒక్కటి కూడా లేదు. ఆకుపచ్చ 200 ఉంటే ఎరుపు కనీసం ఇంత, 100 ఉంటే అందులో సగం. నిజంగా ఎల్‌సీ3 చుక్కలన్నీ లైసోజోముల్లోనే ఉన్నా, ఒక్కో చుక్కలో ఒక్కో నిష్పత్తి ఉంటుంది, మేఘంలా చెదురుతుంది. గీత గీసినట్టు తిన్నటి అంచు వచ్చిందంటే బ్లీడ్ త్రూ, ఒక రంగు ఇంకో ఛానల్‌లోకి కారడం. అలెక్సా 488 వెలుగు తోక 600 నానోమీటర్ల దాకా సాగుతుంది. రెండు లేజర్లూ కలిపి వేస్తే ఆ తోక ఎరుపు డిటెక్టర్‌లో పడి, ఎల్‌సీ3 చుక్కే లాంప్1 చుక్కలా నమోదవుతుంది. మీరు కొలిచినదాంట్లో కొంత ఎల్‌సీ3కీ ఎల్‌సీ3కీ మధ్య కోలోకలైజేషన్.

దీన్ని సాఫ్ట్‌వేర్‌తో సర్దుకుంటానని అనుకోవద్దు. మళ్లీ తీయండి. ముందు 561 లేజర్‌తో ఎరుపు, తర్వాత 488తో ఆకుపచ్చ, వేర్వేరుగా. ఎల్‌సీ3 మాత్రమే స్టెయిన్ చేసిన స్లైడ్ పెట్టి, అసలు సెట్టింగ్‌లతోనే ఎరుపు ఛానల్ చూడండి. అక్కడ సెకండరీ మాత్రమే వేసిన స్లైడ్ కంటే ఎక్కువ వెలుగు కనిపించకూడదు. లాంప్1 మాత్రమే ఉన్న స్లైడ్‌తో ఆకుపచ్చ ఛానల్ కూడా అలాగే చూడండి.

ఎటూ మళ్లీ తీస్తున్నారు కాబట్టి మిగతావీ సరిచేసుకోండి. 520 నానోమీటర్ల కాంతికి ఎన్‌ఏ 1.4తో విడదీయగలిగే దూరం, ఆబే సూత్రం ప్రకారం, దాదాపు 186 నానోమీటర్లు. పిక్సెల్ దానికి రెండింతలకు పైగా చిన్నగా ఉండాలి, అంటే 80 దగ్గర. మీ 240లో రెండు పక్కపక్క చుక్కలు ఒకే గడిలో పడి కలిసిపోతాయి. జూమ్ పెంచి ఒక్క కణమే తీయండి. 12 బిట్‌లో, ఏ పిక్సెలూ 4095 తాకకుండా గెయిన్ పెట్టండి. పెట్టిన గెయిన్, లేజర్ పవర్ అన్ని స్లైడ్లకీ అవే ఉండాలి.

ప్రొజెక్షన్ మీద మాత్రం కొలవొద్దు. కణం అడుగున ఒక చుక్క, నాలుగు మైక్రాన్ల పైన ఇంకో చుక్క ఉన్నాయనుకోండి. ప్రొజెక్షన్‌లో రెండూ ఒకే చోట కనిపిస్తాయి. మేడ మీదున్నవాళ్లూ కింద ఇంట్లో ఉన్నవాళ్లూ ఒకే గదిలో ఉన్నారన్నట్టు అవుతుంది. ఫిగర్‌కి ప్రొజెక్షన్ పెట్టుకోండి, లెక్కకి ఒక్కో సెక్షన్ వాడండి.

రంగులచూపు | మంగళవారం, రాత్రి 9:40

నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, పుట్టుకతోనే అంతే. పదేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. "పసుపు చుక్కలు చూడండి" అని ఎవరైనా స్లైడ్ పెడితే నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. సెమినార్లలో తల ఊపి ఊరుకున్న రోజులు ఎన్నో. కణగీత గారూ, కొత్త ఫిగర్లలో దయచేసి మెజెంటా, ఆకుపచ్చ వాడండి, కలిసిన చోట తెలుపు వస్తుంది. పక్కనే ఒక్కో ఛానల్‌నీ విడిగా నలుపు తెలుపులో పెట్టండి. అది అందరికీ బాగుంటుంది, ఎందుకంటే కంటికి సన్నటి వివరం తెలిసేది నలుపు తెలుపులోనే.

ఇంకో మాట. రంగు చూపు బాగున్నవాళ్లూ పసుపుని నమ్మకూడదు. రెండు ఛానళ్లూ దాదాపు సమానంగా వెలిగితేనే పసుపు కనిపిస్తుంది. ఒకటి 200, ఇంకొకటి 60 అయితే నారింజో, లేత ఆకుపచ్చో అవుతుంది. బ్రైట్‌నెస్ జరిపితే అదే చుక్క పసుపైపోతుంది.

కణగీత | మంగళవారం, రాత్రి 10:05

తప్పకుండా మారుస్తాను. మా ల్యాబ్‌లో ఎవరికీ ఈ ఆలోచనే రాలేదు. చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ.

శ్రావ్యన్యూరో | బుధవారం, ఉదయం 8:15

ఇప్పటిదాకా అందరూ కొలత గురించి చెప్పారు. నేను కొంచెం వెనక్కి వెళ్తాను. గీతా, నువ్వు వెతుకుతున్నది పియర్సన్ చెప్పగలిగే సంగతేనా?

నేను సినాప్స్‌ల మీద పని చేస్తాను. ఒక న్యూరాన్ చివర ఉండే ప్రొటీన్‌నీ, ఎదుటి న్యూరాన్ మీద ఉండే పీఎస్‌డీ-95నీ స్టెయిన్ చేస్తే, కాన్ఫోకల్‌లో రెండూ చక్కగా ఒకదాని మీద ఒకటి పడతాయి. కానీ ఆ రెండూ రెండు వేర్వేరు కణాల్లో ఉన్నాయి! మధ్యలో ఉన్న సందు 20 నానోమీటర్లే, మన మైక్రోస్కోప్‌కి అది కనిపించదు. అంటే కలిసి కనిపించినంత మాత్రాన ఒకే చోట ఉన్నట్టు కాదు. రెండు ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయని చెప్పాలంటే ఫ్రెట్ (ఒక రంగు అణువు నుంచి పక్కదానికి శక్తి చేరడాన్ని కొలవడం) లాంటివి కావాలి, అది 10 నానోమీటర్లలోపు దగ్గరుంటేనే పనిచేస్తుంది.

నీ విషయంలో చిక్కు దీనికి తలకిందులుగా ఉంది. లాంప్1 లైసోజోము పొర మీద ఉంటుంది. ఎల్‌సీ3 వెళ్లేది లోపలికి. లైసోజోము పెద్దదైతే లాంప్1 ఉంగరంలా, ఎల్‌సీ3 ఆ ఉంగరం మధ్యలో చుక్కలా కనిపించాలి. ఉంగరం మీద ఆకుపచ్చ తక్కువ, మధ్యలో ఎరుపు తక్కువ. పిక్సెల్‌కి పిక్సెల్ పోల్చే పియర్సన్ అక్కడ తక్కువ వస్తుంది, ఒక్కోసారి మైనస్ కూడా. జీవశాస్త్రం ప్రకారం అది నూటికి నూరుపాళ్లు కలయిక. మూర్తి గారు చెప్పినట్టు పిక్సెల్ చిన్నది చేసి బాగా తీసేకొద్దీ ఈ సమస్య పెరుగుతుంది!

అంచేత వస్తువుల్ని లెక్కపెట్టు. ప్రతి ఎల్‌సీ3 చుక్క మధ్య బిందువూ లాంప్1 గీసిన హద్దులో పడిందా లేదా? పది చుక్కల్లో ఎన్ని పడ్డాయి? రివ్యూయర్‌కి కావలసిన జవాబు అదే.

ఇంకొకటి. లైసోజోములోకి వెళ్లిన ఎల్‌సీ3 అక్కడే అరిగిపోతుంది. ఆకలి కణంలో పని చురుగ్గా సాగుతుంటే, కలిసిన వెంటనే కరిగిపోవడం వల్ల నీకు కలయిక తక్కువ కనిపిస్తుంది. అరుగుదలని ఆపి చూడాలి. చాలామంది క్లోరోక్విన్ గానీ బాఫిలోమైసిన్ గానీ వేస్తారు. కానీ అవి కలయికనే అడ్డుకుంటాయి, నీ ప్రశ్నే కలయిక గురించి కాబట్టి అవి వద్దు. ఇ64డీ, పెప్‌స్టాటిన్ ఎ కలిపి వేస్తే లైసోజోము ఎంజైములు మాత్రమే ఆగుతాయి, చేరడానికి అడ్డుండదు.

కణగీత | బుధవారం, ఉదయం 9:02

అక్కా, ఈ పోస్టు మూడుసార్లు చదివాను. పాత ఇమేజ్‌లు తెరిచి చూస్తే రెండు మూడు చోట్ల ఉంగరం లాంటిది నిజంగానే ఉంది. స్టెయినింగ్ సరిగా అంటుకోలేదనుకుని అలాంటి కణాల్ని ఫిగర్‌లో పెట్టకుండా తీసేశాను.

రేణువు_రాజు | బుధవారం, మధ్యాహ్నం 1:30

అయితే పియర్సన్‌ని పూర్తిగా వదిలేయడమే మంచిదంటాను. దాని విలువ 0.5 అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? మాండర్స్ అయితే "ఎల్‌సీ3లో 60 శాతం లాంప్1తో ఉంది" అని చెప్పుకోవచ్చు. థ్రెషోల్డ్ కూడా కాస్టెస్ పద్ధతి తనంతట తానే పెడుతుంది, మనిషి చెయ్యి పడదు.

సిగ్నల్‌ప్రసాద్ | బుధవారం, మధ్యాహ్నం 3:10

రాజు గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. పియర్సన్‌కి థ్రెషోల్డ్ అక్కర్లేదు. ఒక ఛానల్‌కి స్థిరమైన సంఖ్య కలిపినా, దాన్ని రెట్టింపు చేసినా విలువ మారదు. ఒక ప్రొటీన్ ఎక్కువైన చోట రెండోదీ ఎక్కువవుతోందా అన్నది ప్రశ్న అయితే అదే సరైనది. గీత గారి ప్రశ్నకి సరిపోదు, అంతే.

కాస్టెస్ బృందం 2004లో ఇచ్చిన ఆటో థ్రెషోల్డ్ చక్కటి ఆలోచన. పై నుంచి కిందికి దిగుతూ, ఏ విలువకి కింద ఉన్న పిక్సెళ్లలో రెండు రంగులకీ సంబంధం సున్నా అవుతుందో అక్కడ ఆగుతుంది. కానీ సిగ్నల్ మసకగా ఉన్నప్పుడో, ఒక ఛానల్‌లో చుక్కలు మరీ కిక్కిరిసి ఉన్నప్పుడో అది బ్యాక్‌గ్రౌండ్ దాకా దిగిపోతుంది. మనిషి చెయ్యి పడకపోయినా తప్పు తప్పే. అది పెట్టిన థ్రెషోల్డ్‌ని ఇమేజ్ మీద వేసి, కంటికి చుక్కలుగా కనిపించేవే మిగిలాయా అని చూడాలి. నేనైతే సెకండరీ మాత్రమే వేసిన స్లైడ్ నుంచి బ్యాక్‌గ్రౌండ్ స్థాయి తీసుకుంటాను. గీత గారు పక్కన పెట్టేసిన ఆ స్లైడ్ ఇప్పుడు పనికొస్తుంది.

అదే పేపర్‌లోని రెండో భాగం, ఒక ఛానల్‌ని ముక్కలుగా కలగాపులగం చేసి పియర్సన్ మళ్లీ మళ్లీ లెక్కించడం, దాంట్లోనూ జాగ్రత్త కావాలి. ముక్కల్ని కణమంతా చల్లేస్తే కణానికి సహజంగా ఉన్న అమరికే చెదిరిపోతుంది. అప్పుడు అసలు ఇమేజ్ దాదాపు ప్రతిసారీ గెలుస్తుంది.

శ్రావ్యన్యూరో | బుధవారం, సాయంత్రం 5:45

ప్రసాద్ గారు చెప్పింది గీత కణాలకి ఇంకా ముఖ్యం. ఆకలితో ఉన్నప్పుడు లైసోజోములు కేంద్రకం చుట్టూ గుమిగూడతాయి. ఆహారం ఉంటే అంచుల దాకా చెదిరి ఉంటాయి. ఎల్‌సీ3 చుక్కలు కూడా అక్కడే చేరితే, రద్దీ బస్సులో భుజాలు తగిలినట్టు, ఏ కలయికా లేకుండానే ఒకదాని మీద ఒకటి పడతాయి. కాబట్టి ఎల్‌సీ3 చుక్కల్ని కణమంతా కాకుండా కేంద్రకం చుట్టూ ఉన్న అదే పట్టీలో యాదృచ్ఛికంగా వేసి, ఎన్ని లాంప్1 హద్దుల్లో పడతాయో లెక్కపెట్టు. అసలు సంఖ్యని దాంతో పోల్చు.

వైజాగ్‌బయో | బుధవారం, సాయంత్రం 6:10

ఒక ఛానల్‌ని 90 డిగ్రీలు తిప్పి చూడమని మా ప్రాక్టికల్స్‌లో చెప్పారు. అది సరిపోదా మేడమ్?

శ్రావ్యన్యూరో | బుధవారం, సాయంత్రం 6:30

తొందరగా ఒకసారి చూసుకోవడానికి బాగుంటుంది. తిప్పినా విలువ తగ్గకపోతే కచ్చితంగా ఏదో తేడా ఉన్నట్టే. కానీ కణం గుండ్రంగా ఉండదు కదా, తిప్పితే కొన్ని చుక్కలు కణం బయట పడతాయి. అందుకే పేపర్‌కి పట్టీ పద్ధతే వాడమన్నాను.

కణగీత | 11 రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 9:50

ఆలస్యానికి క్షమించండి. మొత్తం ప్రయోగం మళ్లీ చేశాను. మా గైడ్ మేడమ్‌కి స్కాటర్ ప్లాట్ చూపిస్తే, మొదట మౌనంగా ఉండిపోయారు, తర్వాత ఆవిడే మైక్రోస్కోప్ స్లాట్లు బుక్ చేసి ఇచ్చారు.

ఎల్‌సీ3 ఒక్కటే ఉన్న స్లైడ్‌ని పాత సెట్టింగ్‌లతో చూశాను. ఎరుపు ఛానల్‌లో అవే చుక్కలు, అవే స్థానాల్లో. విడివిడిగా స్కాన్ చేస్తే అక్కడ ఏమీ లేదు. పాత ఫిగర్‌లో బాణం గుర్తు పెట్టిన పసుపు చుక్కల్లో ఎన్ని ఇలాంటివో తలచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

ఇ64డీ, పెప్‌స్టాటిన్ వేసిన ఆకలి కణం ఒకటి 75 నానోమీటర్ల పిక్సెల్‌తో తీశాను. కేంద్రకానికి ఎడమ పక్కన ఒక లైసోజోము ఉంది, అడ్డంగా 15 పిక్సెళ్లు, అంటే ఒక మైక్రాన్‌కి కొంచెం ఎక్కువ. దాని మీదుగా గీత గీసి విలువలు చూశాను. లాంప్1 గీత పైకి లేచి, దిగి, మళ్లీ లేచింది, రెండు కొండల మధ్య లోయలా. ఎల్‌సీ3కి ఒకటే శిఖరం, సరిగ్గా ఆ లోయ మీద. శ్రావ్య అక్క మాటల్లో చెప్పింది అక్కడ బొమ్మలా ఉంది. ఆ ఒక్క లైసోజోము చుట్టూ ఆర్‌ఓఐ పెట్టి పియర్సన్ వేస్తే మైనస్ వచ్చింది.

మొత్తం ఫలితాలు ఇవి. కణానికి పియర్సన్ కంట్రోల్‌లో 0.24, ఆకలిలో 0.27, ఆకలితో పాటు ఇన్హిబిటర్లు వేస్తే 0.21. అది చూసి ఏమీ చెప్పలేం. చుక్కల లెక్కలో మాత్రం, పది ఎల్‌సీ3 చుక్కల్లో లాంప్1 హద్దులో పడినవి కంట్రోల్‌లో దాదాపు రెండు, ఆకలిలో మూడు, ఆకలితో పాటు ఇన్హిబిటర్లతో ఆరు. పట్టీలో యాదృచ్ఛికంగా వేస్తే ఒకటిన్నర. మొత్తం 90 కణాలు, గ్రూపుకి 30. పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) చాలా చిన్నగా వచ్చింది.

లెన్సుమూర్తి | ఆదివారం, రాత్రి 10:30

చాలా సంతోషంగా ఉందమ్మా. పదకొండు రోజుల్లో ఇంత పని చేశారు!

రెండు ప్రశ్నలు. లెక్కపెట్టేటప్పుడు ఏ ఇమేజ్ ఏ గ్రూపుదో మీకు తెలుసా? నాలుగు రంగుల పూసల స్లైడ్ పెట్టి, రెండు ఛానళ్ల మధ్య జరుగుదల ఎంతో చూశారా? లెన్సు ఎంత మంచిదైనా ఎరుపు, ఆకుపచ్చ కాంతుల్ని కచ్చితంగా ఒకే బిందువు దగ్గర చేర్చదు. ముఖ్యంగా లోతులో.

సిగ్నల్‌ప్రసాద్ | ఆదివారం, రాత్రి 10:52

నాదీ ఒకటి. ఆ 90 కణాలు ఎన్ని రోజుల ప్రయోగాల నుంచి వచ్చాయి? ఒకే డిష్‌లోని 30 కణాలు 30 స్వతంత్ర ప్రయోగాలు కావు. ఒకే రోజు, ఒకే యాంటీబాడీ, ఒకే ఆకలి. మూడు వేర్వేరు రోజుల్లో పదేసి కణాలు తీసుంటే, ప్రతి రోజుకీ సగటు తీసి ఆ మూడు సగటుల్ని పోల్చండి. ఎన్ (స్వతంత్ర ప్రయోగాల సంఖ్య) 3 అవుతుంది, 30 కాదు. గ్రాఫ్‌లో మాత్రం ప్రతి కణాన్నీ చుక్కగా వేసి, ఏ రోజుదో రంగుతో చూపండి. పీ విలువ పెద్దదవుతుంది, కంగారు పడొద్దు. నమ్మకంగా నిలబడేది అదే.

కణగీత | సోమవారం, రాత్రి 8:25

మూర్తి గారూ, పూసలు ఇవాళ పొద్దున చూశాను. అడ్డంగా జరుగుదల ఒక పిక్సెల్ కంటే తక్కువ. లోతులో మాత్రం 150 నానోమీటర్లు ఉంది, సెక్షన్ మందం కంటే బాగా తక్కువే, అయినా పద్ధతుల భాగంలో రాస్తున్నాను. ఏ ఇమేజ్ ఏ గ్రూపుదో నాకు తెలుసు, అది తప్పే. మా జూనియర్ ఫైళ్ల పేర్లు మార్చి ఇచ్చింది. 90 కణాలూ మళ్లీ లెక్కపెట్టాను. ఆరు కాస్తా ఐదున్నర అయింది, మిగతావి దాదాపు అలాగే ఉన్నాయి.

ప్రసాద్ గారూ, అవి మూడు రోజుల ప్రయోగాలే. మీరు చెప్పినట్టు సగటులు పోల్చాను. మూడు రోజుల్లోనూ ఇన్హిబిటర్లు వేసిన గ్రూపే పైన ఉంది. పీ విలువ మునుపంత చిన్నగా లేదు, కానీ నిలబడింది.

రివ్యూయర్‌కి రాసే జవాబులో పాత ఫిగర్ తీసేస్తున్నామని, అందులో బ్లీడ్ త్రూ ఉందని స్పష్టంగా రాశాం. అలా రాస్తే పేపర్ తిప్పి పంపుతారేమో అని భయపడ్డాను. మేడమ్ ఒక్క అక్షరం కూడా మార్చనివ్వలేదు. ఇంతకుముందు తీసేసిన ఉంగరాల ఇమేజే ఇప్పుడు మొదటి ఫిగర్, మెజెంటా, ఆకుపచ్చలో, ఛానళ్లు విడిగా నలుపు తెలుపులో.

రంగులచూపు | సోమవారం, రాత్రి 8:40

ఫిగర్ ఇక్కడ పెట్టగలరా? నాకు ఉంగరం కనిపిస్తుందో లేదో చూసి చెబుతాను.

కణగీత | సోమవారం, రాత్రి 8:58

పెట్టాను అండీ, కింద ఉంది. చుక్కలు లెక్కపెట్టిన మాక్రో కూడా జత చేశాను. థ్రెషోల్డ్ ఎక్కడ మార్చుకోవాలో తెలుగులోనే కామెంట్లు రాశాను.

రంగులచూపు | సోమవారం, రాత్రి 9:10

కనిపించింది. కేంద్రకానికి ఎడమ పక్కన, మధ్యలో ఆకుపచ్చ చుక్కతో సహా.